మేనల్లుడి శిక్ష వినడానికి ఎల్బీనగర్ కోర్టుకు

నా చేతిరాత కోడి గీకినట్టుంటుంది, అక్షరాల తప్పులూ ఎక్కువే. మనవరాలు టైపు చేస్తూ కొన్ని దిద్దింది, మిగిలినవి మన్నించండి. మా ప్రాంత నాయకుణ్ణి, కారులో ఆయనతో ఉన్న ముగ్గురినీ బాంబు పెట్టి చంపిన కేసులో మా అక్క కొడుకు నర్సింహ ఒక ముద్దాయి. బాంబు చుట్టిన తువాలు ముక్కను కోర్టులో నాకు చూపించారు. అంచు పువ్వులో ఒక రేకు పక్కకు జరిగి ఉంది. రంగులో ముంచే ముందు నూలుకు ముడి కట్టేటప్పుడు నేను చేసిన తప్పది. నేనే నేసి నర్సింహకు ఇచ్చానని చెప్పాను. నేరం రుజువైంది. శిక్ష చెప్పే ముందురోజు, ఏడాదిగా నాతో మాట్లాడని అక్క వచ్చింది. "నోరు తెరిచి పట్టిచ్చినవ్. గదే నోటితోని వాని పానం అడుగు పో" అంది.

మర్నాడు పొద్దున పోచంపల్లిలో ఆరున్నరకు బస్సెక్కాను. అది ఎల్బీనగర్ మీదుగానే పోతుంది కానీ, నర్సింహ తరఫు వకీలు ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నందున అక్కడిదాకా పోయాను. "నువ్వు లేచి మాట్లాడితే జడ్జి వినరు పెద్దాయనా. కాగితం మీద రాసియ్యి, నేనిస్తా" అన్నాడు వకీలు. కింద టిఫిన్ బండి దగ్గర కూర్చుని రాశాను. నాలుగు వరుసలకు గంట పట్టింది.

"ఇడ్లీ చల్లారిపోయిందండీ బాబాయ్‌గారూ, చట్నీ బాలేదా?" అంది బండి ఆవిడ.

"మంచిగున్నదమ్మా. రాసుడైనంక తింట."

మెట్రోలో ఎల్బీనగర్‌కు పది నిమిషాలు. అక్కడినుంచి ఆటోకు యాభై.

"భూమి పంచాయితా తాతా?" అన్నాడు డ్రైవరు. "ఏం గాదు తియ్, వాయిదా ఏస్తరు. ఎప్పుడూ గదే లొల్లి."

వాయిదా పడితే బాగుండుననుకున్నాను. పడలేదు. వకీలు ఇచ్చిన నా కాగితం జడ్జిగారు చదివి పక్కన పెట్టారు. చెప్పుకునేదేమైనా ఉందా అని నర్సింహను అడిగారు. వాడు నావైపు చూశాడు.

"మా మామ అబద్ధం చెప్పలే సార్. గీ మాట మా అమ్మకు చెప్పమనుండ్రి."

నర్సింహకూ, మిగతా ఇద్దరు ముద్దాయిలకూ ఉరిశిక్ష వేశారు. హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదని వకీలు చెప్పాడు.

నిజం చెప్పినందుకు బాధ లేదు. చనిపోయిన ఆ నలుగురికీ అక్కలున్నారు, అమ్మలున్నారు. కానీ వాడు చెప్పమన్న మాట అక్కకు చెప్పడం సాక్ష్యం చెప్పడం కంటే కష్టమైంది. విని ఆమె మా మగ్గం పక్కనే కూలబడింది. ఇలాంటి పని మీద వెళ్లేవారు చెప్పుకునేది ముందే కాగితం మీద రాసి, ఒకరోజు ముందుగా వకీలు చేతికివ్వండి. హైకోర్టులో నాలాంటి సాక్షి మొర వింటారా? తెలిసినవారు తొందరగా జవాబు రాయండి. అక్క ఇంకా ఇంటికి పోలేదు.