తమిళంలో ప్రార్థన, తెలుగులో తిట్టు

మా నాయన తమిళంలో ప్రార్థన చేసేవాడు, తెలుగులో తిట్టేవాడు. తిరుత్తణిలో మేమున్న నేతగాళ్ళ వీధిలో అందరిదీ తెలుగే. సభ మాత్రం తమిళం, బైబిలు తమిళం, పాటలు తమిళం. బాప్తిస్మం తీసుకున్నాక ఆయన బీడీ మానేశాడు, సారా మానేశాడు, తెల్ల పంచె తప్ప ఇంకొకటి కట్టలేదు. ఆదివారం లేచి నిలబడి "ఆండవరే, ఆండవరే" అని దేవుణ్ణి పిలుస్తూ సాక్ష్యం చెబుతుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే, "ఒసే, లోపల చచ్చినావా, నీళ్ళు తే" అని అమ్మ మీద అరిచేవాడు. తాగిన రోజుల్లో అరిచిన అరుపూ అదే, మానేశాక అరిచిన అరుపూ అదే. పైన పటారం, లోన లొటారం. ఆ తెల్ల పంచెను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అమ్మ నోట్లో నాలుక లేనిదని వీధిలో అనుకునేవారు. ఆయన ముందు మాత్రమే లేదు. ఆయన నోరు తెరిస్తే చాలు, అమ్మ కుడి భుజం చెవిదాకా లేచి ముడుచుకునేది. కొట్టడం తాగుడుతోపాటే ఆగిపోయింది, ఈ ముడుచుకోవడం ఆగలేదు. ఆయన మగ్గం గుంటలోకి దిగాక నా చెవిలో గుసగుసలాడేది.

"పాస్టరయ్యని అడిగి చూడు, యేసు సామికి తెలుగు వస్తాదా రాదా అని. వచ్చుంటే ఈ తిట్లు విని ఎప్పుడో ఇల్లు వదిలి పోయుంటాడు. సభలో ఆడోళ్ళంతా ఈయనకు సహోదరీలే. నేనొక్కదాన్నే ఒసే."

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో అమ్మకు టీబీ వచ్చింది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో చేర్చాం. సూదులు వేసేకొద్దీ దగ్గు తగ్గింది, చెవులు పోయాయి. ఆ మందుతో కొందరికి అలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను అమ్మ దగ్గరే ఉన్నాను. నాయన వీలైనప్పుడల్లా రైలెక్కి వచ్చేవాడు. చెవుల సంగతి చెబితే, కాస్త మందం పట్టిందేమో అనుకున్నాడు.

ఒక పొద్దున వార్డు గుమ్మంలో నిలబడి, "ఒసే, కాఫీ తెచ్చినా" అన్నాడు. అమ్మ కిటికీ వైపు తిరిగి జడ వేసుకుంటోంది. కదలలేదు. వార్డంతా తిరిగి చూసేలా మళ్ళీ పిలిచాడు. అప్పుడూ కదలలేదు. ఆయన మంచం చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాడు. ఈసారి అరవలేదు. "వేడిగా ఉండాది, తాగు" అన్నాడు, మామూలు గొంతుతోనే. అమ్మకు ఒక్క అక్షరం వినబడలేదు. తెరుచుకున్న నోరు కనబడింది. భుజం చెవిదాకా లేచింది.

నాయన ఆ భుజాన్ని చూశాడు. అన్నేళ్ళ కాపురంలో అది ఆయన కంటబడటం అదే మొదలనుకుంటాను. కాఫీ నా చేతికిచ్చి బయటికి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ పోయాను. వెనక కొళాయి పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. తెల్ల పంచె బురదైంది. "సామీ, నేనేం చేసినాను దీన్ని. ఏం చేసినాను సామీ" అంటున్నాడు. నాయన తెలుగులో ప్రార్థన చేయగా నేను వినడం అదే మొదలు.

నాకు జాలి కలగలేదు. ఆమె చెవులు పోయాక నీ నోరు మారితే ఎవరికి లాభం అని కడుపు రగిలింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు.

అమ్మను ఇంటికి తెచ్చాక ఆయన ఆమె ఎదుట నోరు తెరవడం మానేశాడు. తెరిస్తే ముడుచుకుంటుందని. తెల్లవారగానే వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళ వరుసలో బిందెతో నిలబడ్డాడు. అమ్మ ఉమ్మిన గిన్నె తానే బూడిద వేసి తోమాడు. రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టాడు. మా వీధిలో అది ఆడవాళ్ళ పని. "ఏం బావా, రేపట్నుంచి చీర కూడా కడతావా?" అని గేలి చేశారు. ఆయన ఇంకో కండె అందుకున్నాడు. సభలో సాక్ష్యానికి లేవడమూ మానేశాడు. పాస్టరయ్య ఇంటికొచ్చి కారణమడిగితే, "ఇంట్లో చెప్పాల్సింది మిగిలిపోయిందయ్యా. ముందు అది కానీ" అన్నాడు.

అమ్మకు మొదట భయం పట్టుకుంది. వినబడనివాళ్ళ గట్టి గొంతుతో, "మీ నాయనకు ఒంట్లో బాగలేదా ఏంది, అట్టుండాడు?" అని వీధికంతా వినిపించేలా నన్నడిగింది. ఏమీ లేదని నేను చెయ్యి ఊపాను. తర్వాత అడగలేదు. మంచం మీద పడుకుని ఆయన రాట్నం తిప్పడం చూస్తూ ఉండేది. కండె వదులుగా చుట్టి పాడు చేస్తే నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది.

ఆ దగ్గే మళ్ళీ ముదిరింది. ఈసారి ఆసుపత్రి వద్దంది. వినిపించుకోకుండా నాయన తీసుకెళ్తే, ఇంక చేసేదేమీ లేదని వాళ్ళే ఇంటికి పంపేశారు.

ఒక మధ్యాహ్నం ఆయన గంజి తాగించి, గిన్నె తీసుకుని లేవబోతే అమ్మ పంచె అంచు పట్టుకుంది.

"మామా, ఏమన్నా చెప్పు. నేను చూస్తా" అంది.

నాయన నావైపు చూశాడు. మంచం అంచున మళ్ళీ కూర్చున్నాడు. ఎన్నాళ్ళనుంచో దాచిపెట్టుకున్న మాట ఉన్నట్టుంది. మెల్లగా నోరు తెరిచాడు.

అమ్మ భుజం లేచింది.

ఆయన చటుక్కున నోరు మూసుకున్నాడు. తల వంచుకుని ఏడ్చాడు. అమ్మ తన భుజాన్ని తానే చూసుకుంది, మాట వినని పిల్లను చూసినట్టు. ఎడమ చేత్తో దాన్ని కిందికి నొక్కి పట్టుకుంది.

"నాకు తెలుసు మామా" అంది, ఆ గట్టి గొంతుతోనే. "దీనికే ఇంకా తెలీలా."

దానికి తెలిసేదాకా అమ్మ ఉండలేదు.