పాప ఫొటో చానల్ ఆఫీసులో ఉండిపోయింది

ఈ మాట ఇవాళే రాయాలి, సోమవారం దాటితే రాసినా ఉపయోగం లేదు. మా ఏలూరు కేబుల్ చానల్ అప్పుల్లో మునిగి దివాలా తీసిందనీ, బ్యాంకు వేలంలో హైదరాబాదు వాళ్లు కొన్నారనీ మీకు తెలిసిందే. అందులో పిల్లల పుట్టినరోజు శుభాకాంక్షలు చదివింది నేనే.

ఈ రోజు ఆఫీసు ముందు నుంచి వెళ్తుంటే, మూసిన తలుపు దగ్గర కూర్చున్న ఒకావిడ నన్ను చూసి లేచింది. కొల్లేటికోట నుంచి వచ్చిందట.

"ఏవండీ, టీవీలో అమ్మాయిగారు మీరే కదండీ? మా పాప ఫొటో ఇప్పించండి. ఒక్కటే తీయించామండీ."

పాప నిరుడు జ్వరంతో పోయింది. శుభాకాంక్షలకని ఇచ్చిన ఫొటో, చానల్లో ఉంటే భద్రమని ఆవిడ వెనక్కి అడగలేదు. టీవీలో కనబడే మనిషి దగ్గర తాళం లేదంటే నమ్మలేకపోయింది. నేను చదువుకున్నాను కాబట్టి ఏ ఆఫీసులోనైనా నా మాట వింటారని మా అమ్మా అనుకుంటుంది.

ఇంతలో కొత్త మేనేజరు గారు వచ్చారు. అడిగాను.

"లోపల చెత్త తప్ప ఏం లేదమ్మా. సోమవారం ఊడ్పించేస్తున్నాం."

"చెత్త కాదండీ, మా పాపండీ," అంది ఆవిడ.

ఆయన సెల్‌ఫోను చెవిన పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

నా ఒక్కదాని మాట ఆయనకు వినబడినట్టు లేదు. ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా, లంక గ్రామాలైనా, పిల్లల ఫొటోలిచ్చి వెనక్కి తెచ్చుకోనివారు ఆదివారం సాయంత్రం లోపు ఇక్కడే ఈ పోస్టు కింద జవాబు రాయండి. సోమవారం పొద్దున్నే అందరం కలిసి వెళ్దాం.