పాల్వంచ గాలీ, జంపయ్య ముక్కూ

జంపయ్య ముక్కు గురించి నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమనేవాళ్లు మా కాలనీలో ఉన్నారు. మిగతా సగం వాళ్లింకా వినలేదు.

జంపయ్యది పాల్వంచ పక్కనే ఓ ప్రైవేటు కరెంటు ప్లాంటులో బొగ్గు దింపించే పని. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. లారీ మలుపు తిరగకముందే వాసన పట్టి, అది ఇల్లందు బొగ్గో మణుగూరు బొగ్గో చెప్పేస్తాడు. అనుమానమొస్తే ఓ పెళ్ల నాకి చూస్తాడు. ఒకసారి లారీని చూడకుండానే, "డ్రైవర్ పొద్దుగాల ఉప్మా తిన్నడు" అన్నాడు. డ్రైవర్ ఒప్పుకుని, పక్కన పల్లీల చట్నీని ఎందుకు పట్టలేదని అడిగాడు. "చట్నీ పాసిపోయింది. నీ ఇజ్జత్ తీయొద్దని ఊకున్న" అన్నాడు జంపయ్య.

అలాంటి మనిషికి కష్టమొచ్చింది. బొగ్గు యూనిట్ మూసేసి గ్యాస్ యూనిట్ పెడతామంటూ హైదరాబాద్ నుంచి కంపెనీ ఆఫీసర్ శ్రీనివాస్ సార్ దిగాడు. కాలనీ వాళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"దేశం ఎంత పొగ వదిలితే అంత పొగ మళ్లీ పీల్చుకోవాలె. అదే నెట్ జీరో. చివరికి కరెంటంతా ఎండతోని, గాలితోని వస్తది. అప్పటిదాకా నడుమ గ్యాస్. దాని పొగ బొగ్గు పొగల సగమే. కానీ లీకైతే మాత్రం పొగకన్నా చెడ్డది."

జంపయ్య భార్య కన్నమ్మ లేచింది. "అంటే గ్యాసు గూడ మా లెక్క కాంట్రాక్టు లేబరేనా సారూ? పని అయినంక దాన్ని గూడ తోలేస్తరా?"

సార్ సీసాడు నీళ్లు తాగాడు.

కొత్త యూనిట్లో లీకులు కనిపెట్టే పోస్టు ఒక్కటే ఉంది. జంపయ్య సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. ఆ పోస్టు రాకపోతే ఇప్పుడే ఇంటికి.

"ఎట్లన్న జేసి ఆ పోస్టు కొట్టయ్యా," అంది కన్నమ్మ. "ఆరేండ్లు ఇంట్ల గూసుంటే నా పప్పుకు రోజూ గ్రేడు ఇస్తవ్. నాతోని గాదు."

పరీక్ష రోజున ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ముక్కున్న ప్రతివాడూ వచ్చాడు. బల్లమీద అయిదు రబ్బరు సంచులు. ఒకదాంట్లో గ్యాసు, మిగతా నాలుగింట్లో అక్కడి గాలే.

ఫిట్టర్ చందర్ మూడో సంచి మూతి తీసి, "ఇదే సార్! ఘాటుకు కండ్లల్ల నీళ్లొస్తున్నయ్!" అని నిజంగానే ఏడ్చాడు.

"ఆ ఘాటు వంటగ్యాసుకు కావాలని కలుపుతరు బాబూ. దీనికి అసలు వాసనే ఉండది," అని నవ్వాడు సార్. ముక్కులు పనికిరావు, మిషన్లే కొనాలని రుజువు చేయడానికే ఆయన పరీక్ష పెట్టింది.

వాసనే లేనిదాన్ని ముక్కుతో పట్టేదెట్లా? కన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జంపయ్య ఒక్కో సంచీ పీల్చాడు.

"ఒకటోదాంట్ల మన చిమ్నీ బూడిద. రెండోదాంట్ల బూడిద. మూడోదాంట్ల బూడిద, చందర్ గాని బీడీ. అయిదోదాంట్ల గూడ బూడిదే." నాలుగోది మళ్లీ పీల్చాడు. "దీంట్ల ఏమీ లేదు సార్. ఇంత శుభ్రమైన గాలి నేను పుట్టినకాడికెంచి పాల్వంచల పీల్వలే. గ్యాసు ఇదే."

సార్ మొహం మాడింది. పోస్టు జంపయ్యకే వచ్చింది. కాలనీ వాళ్లు జంపయ్యను బస్టాండు దాకా ఊరేగించారు, ముక్కుకు విడిగా ఓ దండ వేసి.

వారం తిరగకుండా సార్ మళ్లీ పిలిచాడు. "బొగ్గు బంద్ అయితే గాలంతా శుభ్రమైతది గదా జంపయ్యా. అప్పుడు గ్యాసును ఎట్ల పడ్తవ్?"

జంపయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు కన్నమ్మ దరఖాస్తు రాయించింది: గ్యాస్ లీకులు పట్టే నిమిత్తం, నా భర్త సర్వీసు అయ్యేదాకా ఒక బొగ్గు బాయిలర్ మండించవలెను.

కంపెనీ పద్నాలుగు మీటింగులు పెట్టి సరేనంది. ఇప్పుడు ఆ ఒక్క బాయిలర్‌కు నలభైమంది పనిచేస్తున్నారు, చందర్‌తో సహా. దాని పొగకు బదులుగా దమ్మపేట వైపు మొక్కలు నాటుతున్నారు. జంపయ్య పైపు వెంట నడుస్తూ, బూడిద వాసన తగిలినంతసేపూ అంతా బాగుందని రిజిస్టర్లో సంతకం పెడుతున్నాడు.

"ఆరేండ్లయినంక ఎట్లనయ్యా?" అని అడిగింది కన్నమ్మ.

"నేను రిటైర్, బాయిలర్ రిటైర్. లీకులు సార్ సూసుకుంటడు, ఆయనకు గూడ ముక్కుంది గదా."