కందిపువ్వు, కేరాఫ్ నేను

మేమంతా ఖాలా అని, అంటే పిన్నమ్మ అని, పిలిచే పక్కింటి పెద్దావిడ పోయిందని తాండూరులో మా వీధికంతా తెలిసింది. కందిపువ్వు పోయిందని మాత్రం నాకూ పోస్ట్‌మాన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పేరుతో పత్రికల్లో కథలు రాసింది ఆమే.

సొంత పేరు ఎందుకు పెట్టవని అడిగితే నవ్వేది. "ఇంట్ల తెలిస్తే ప్రతి కథల మా కోడలు తననే ఎతుక్కుంటది బిడ్డా. గా పంచాయితీ నాకెందుకు?"

నేనూ కథలు రాస్తాను, నా పేరుతోనే. నాకు ఒక్క ఉత్తరమూ రాదు. ఆమెకేమో ఎక్కడెక్కడి పాఠకులో రాసేవారు. కోడలు డ్యూటీకి పోయిన వేళ వచ్చేవి కాబట్టి గుట్టుగా సాగింది.

ఒకసారి రిజిస్టర్ పోస్టు వచ్చింది. పోస్ట్‌మాన్ ఇవ్వనన్నాడు. "ఆధార్ కార్డుల కందిపువ్వు అని ఉన్నదా ఖాలా? లేకుంటే ఎట్ల ఇస్త? వాపస్ పోతది." మామూలు ఉత్తరాలైతే చిరునామా చూసి వేసేస్తాడట, సంతకం పెట్టేది మాత్రం పేరున్న మనిషికే ఇవ్వాలట. ఉపాయమూ అతనే చెప్పాడు. కలం పేరు కింద కేరాఫ్ అని అసలు మనిషి పేరు రాయించుకోవాలి. ఖాలా తన పేరు ఇస్తుందా? నా పేరు ఇచ్చింది.

ఇక చూడండి నా ఖర్మ. ఆమె అభిమానులంతా కవరు మీద నా పేరు రాయసాగారు, రెండో వరుసలో. సంతకాలు నావి, మెప్పు ఆమెది. కోడలు ఇంట్లో ఉన్న రోజున ఆమెకు తెలియకుండా కవరును మా చెట్టు కరివేపాకు రెమ్మల్లో చుట్టి, "ఖాలా, కరివేపాకు!" అని రెండిళ్ల మధ్య గోడ మీంచి అందించేటప్పుడు నా కడుపు మండిపోయేది.

నా కథ అచ్చయితే ఆ గోడ దగ్గరే చెప్పేది. "అత్త పాత్ర మస్తుగ కుదిరింది బిడ్డా. ముగింపుల జర తొందరపడ్డవు." ఆ ముక్కే ఉత్తరంలో రాయొచ్చు కదా అన్నాను ఉక్రోషంగా. "గోడవతలి మనిషికి స్టాంపెందుకే, పిచ్చిదానా?" అంటూ కిచిడీ గిన్నె చేతిలో పెట్టింది. కోపంగానే తిన్నాను. రుచిగా ఉంది. దానికీ కుళ్ళుకున్నాను.

నిన్న పోస్ట్‌మాన్ కందిపువ్వు పేరున్న కవరుతో మా గుమ్మంలో ఆగాడు. "మనిషి పోతే వాపస్ పంపాలె మేడం. కానీ కేరాఫ్ మీరున్నరు కద. ఏం జెయ్యమంటరు?"

తీసుకున్నాను. పోయాక కూడా ఆమెకే ఉత్తరాలు! అప్పుడూ అసూయే పడ్డాను. నా కథలకున్న ఒక్క పాఠకురాలూ పోయిందని ఆ తర్వాత గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అలవాటు కొద్దీ గోడ దగ్గరికి వెళ్లి "ఖాలా, కరివేపాకు!" అనేశాను. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న కోడలు బయటికొచ్చి, అత్త చాపినట్టే గోడ మీంచి చెయ్యి చాపింది. కవరు వెనక్కి దాచుకుని, చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచి ఆ చేతిలో పెట్టాను.