బ్రేకు వెయ్యని శనివారం

ఆ రోజుల్లో నాకు భయమంటూ ఉంటే ఒక్కటే, మా స్కూటరు పెట్రోలు ముల్లు. ఇప్పుడు పాప తుమ్మినా భయం, తుమ్మకపోయినా భయం (ఇంతసేపు ఎందుకు తుమ్మలేదా అని). అలాంటి నాకు ఒకప్పుడు లోకంలోని దిగులంతా ఆ చిన్న ముల్లు చివర వేలాడుతూ ఉండేదంటే నవ్వొస్తుంది.

డిగ్రీ పూర్తయిన కొత్తలో నెల్లూరులో ఉద్యోగం దొరికింది. రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబు. మా ఊరేమో తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు. మా బస్సు నెల్లూరు చేరేసరికి ల్యాబులో సారు గడియారం చూసుకుంటూ కూర్చొని ఉంటారు, ఆలస్యంగా వచ్చే వాళ్లు వద్దని మొదటిరోజే చెప్పేశారు కూడా. అందుకని నాయన తన పాత స్కూటరు నా చేతికిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. "సోమవారం పోయించిన పెట్రోలు శనివారం నువ్వు ఇంటికొచ్చేదాకా రావాల. మధ్యలో బండి నిలబడిందా, ఇంక బస్సే" అన్నాడు. మొదటి వారమే గురువారం సాయంత్రం ఒక రొయ్యల గుంట పక్కన బండి నిలబడిపోయింది. తోసుకుంటూ ఇంటికొస్తే, నాయన అరుగు మీద నుంచి లేవకుండా "ఇంకొక్క వారం చూస్తా" అన్నాడు. అంటే నా ఉద్యోగానికి మిగిలింది ఇంకొక్క వారం.

ఆదివారమంతా ఫోను ముందేసుకొని, ఎట్లా నడిపితే బండి పెట్రోలు తక్కువ తాగుతుందో చదివాను. ఒక్కసారిగా యాక్సిలేటరు తిప్పకూడదు. ఒకే వేగంతో పోవాలి. దూరం నుంచే రోడ్డు చూసుకొని ముందే నిదానించాలి, అనవసరంగా బ్రేకు వెయ్యకూడదు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, బరువు తగ్గించాలి. అన్నీ మంచి మాటలే. కానీ నేను చిన్నప్పటినుంచీ టీచరు ఒక పేజీ రాయమంటే రెండు పేజీలు రాసే పిల్లని. బ్రేకును ముట్టుకోవడమే మహాపాపమని ఒట్టు పెట్టుకున్నాను. ఎదురుగా గేదెల మంద కనిపిస్తే ఎంతో దూరం నుంచే యాక్సిలేటరు వదిలేసి, రెండు కాళ్లూ నేలమీద రాసుకుంటూ, అవి దాటేదాకా ఊగుతూ వచ్చేదాన్ని. ఊళ్లో నాకు 'ఊరేగింపు' అని పేరు పెట్టేశారు. డిక్కీలోని రెయిన్ కోటు తీసేశాను. క్యారియర్లో పెరుగన్నం గిన్నె కూడా తీసేశాను. "పెరుగన్నం తింటే బండికేం కడుపునొప్పే?" అని అమ్మ గిన్నె పట్టుకొని గేటుదాకా వెంటబడేది.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం ల్యాబు నుంచి బయలుదేరేటప్పటికి ముల్లు ఎర్రగీత మీద ఉంది, అయినా జాగ్రత్తగా పోతే ఇల్లు చేరతాననే ధైర్యం. సరిగ్గా అప్పుడే, ఊళ్లో మా పక్కింట్లోనే ఉండే పిన్నమ్మ, నెల్లూరు బజారులో కొన్న రెండు సంచుల సరుకులతో ఎదురొచ్చింది.

"మంచిగా దొరికినావు, ఎక్కనీ."

"పిన్నమ్మా, బరువు ఎక్కువైతే పెట్రోలు..."

"ఏందిమే, నిన్ను ఎత్తుకొని తిరిగినప్పుడు నాకేం పెట్రోలు పోయించినావు?" అంటూ ఎక్కి కూర్చుంది.

మధ్యాహ్నం దాటితే మా వైపు సముద్రపు గాలి మొదలవుతుంది. ఊరికి పోయే వాళ్లకు అది ఎదురుగాలి. "పైట తెరచాప మాదిరి లేస్తాండాది, దోపుకో పిన్నమ్మా, గాలి బండిని ఆపేస్తాది" అన్నాను. "నీ బండి పోతాంటే గదా ఆపేదానికి" అంది పిన్నమ్మ.

ఊరి ముందు కాలవ వంతెన వచ్చింది. వంతెన దిగితే వాలు, వాలు చివర మలుపు, మలుపు తిరిగితే ఇల్లు. వాలులో ఇంజన్ ఎందుకు దండగ అని ఆపేశాను. బండి చప్పుడు లేకుండా జారుతోంది, నా గుండె నిండా గెలుపు. మలుపు తిరిగాక చూద్దును గదా, పొద్దున ఖాళీగా ఉన్న రోడ్డు మీద సగానికి పైగా వడ్లు ఆరబోసి ఉన్నాయి. (కోతల కాలంలో మా దగ్గర రోడ్డే కల్లం. తెలిసీ మర్చిపోయాను.)

"బ్రేకెయ్యిమే!"

"ఇంకొంచెమే పిన్నమ్మా, ఇల్లొచ్చేసింది!"

చక్రం వడ్లలో కూరుకుపోయింది. బండి ఒక పక్కకు, నేనొక పక్కకు, పిన్నమ్మ సంచులతో సహా వడ్ల నడిమధ్యకు. మెత్తగా పడ్డాం గానీ, తలెత్తి చూసేసరికి అవి మా వడ్లే. వడ్లు నెరిపే చెక్కపార అక్కడే పడేసి నాయన పరిగెత్తుకొస్తున్నాడు.

"దెబ్బ తగిలిందా? మోకాలు చూపించు. చెయ్యి చూపించు."

"నేనూ పడినా బావా, నన్నుగూడా అడుగు!" అని వడ్లలోంచి పిన్నమ్మ.

నాకు దెబ్బ ధ్యాసే లేదు. నోట్లో వడ్లు ఊసేసుకుంటూ, "నాయనా, ఇది బండి నిలబడినట్టు కాదు. పెట్రోలుంది, నేనే ఆపేసినా. చూడు" అని బండి లేపి బటను నొక్కాను. స్టార్టయింది. నాయన బండిని చూడలేదు.

"బ్రేకు ఎందుకెయ్యలేదు పాపా?"

"వేస్తే పెట్రోలు అయిపోతాది గదా. బస్సంటావు. ఉద్యోగం పోతాది."

 నాయన నా జుట్టులో ఇరుక్కున్న వడ్లు ఒక్కొక్కటే తీశాడు.  తర్వాత చెక్కపార తీసుకొని, మేము చేసిన గుంటను సర్దుతూ, మొహం అటు తిప్పుకొనే అన్నాడు: "సోమవారం నుంచి ముల్లు సంగతి నేను చూసుకుంటా. నువ్వు రోడ్డు చూడు."

అంతే, బస్సు మాట మళ్లీ ఎత్తలేదు. విచిత్రమేమిటంటే, భయం పోయాక చెయ్యి తనంతట తానే మెత్తబడింది. కావాల్సిన చోట బ్రేకు వేస్తూ, హాయిగా పెరుగన్నం మోసుకుంటూ పోయినా పెట్రోలు శనివారం దాకా వచ్చేది.

ఇప్పుడు పాపను నడుముకు బెల్టు కట్టుకొని బడికి తీసుకుపోతుంటే, "అమ్మా, సైకిలన్న కూడా మనల్ని దాటి పోతాండాడు" అని వీపు మీద చిన్న గుద్దు గుద్దుతుంది. పోనీలేమ్మా అంటాను. ఈ బండి ఎంత మైలేజీ ఇస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం నాకు తెలియదు. వెనక ఆ చిన్న చేతులు నన్ను పట్టుకొని ఉన్నంతసేపూ ముల్లు వైపు చూడాలని ఒక్కసారీ అనిపించదు.