హేరోదు గెడ్డానికి రేటుంది, నాటకానికి లేదు

మా చిన్నప్పుడు... క్రిస్మస్ నాటకం ఆడిన మర్నాడు పొద్దున్న, రాయగడ పక్కనున్న జేకేపూర్‌లో చర్చి కమిటీ పెద్ద ఇంటి వరండాలో అందరికీ డబ్బులు పంచేవారు. ఆ వరండా నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది... కట్టినట్టేమిటి, గుచ్చినట్టుంటుంది.

నాకలా గుచ్చుకున్న ఏడు నాటకం రాసింది మా నాన్న.

నాన్న రాయగడ స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. అమ్మ నర్సు. "ఒక్క ఆర్నెల్లు రాతమీద బతికి చూస్తాను" అని నాన్న జీతం లేని సెలవు పెట్టాడు. ఆర్నెల్లలో రాత అన్నం పెడితే ఉద్యోగం వదిలెయ్యాలి, పెట్టకపోతే మళ్ళీ ఆ మాటెత్తకూడదు... అదీ అమ్మతో ఒప్పందం. అమ్మ ఒప్పుకుంది. అదనపు డ్యూటీలు వేయించుకుని మరీ ఒప్పుకుంది.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, నా వయసు అలాంటిది. జేకేపూర్‌లో ఉన్నది కాగితం మిల్లు. గాలి ఇటు మళ్ళితే వెదురు ఉడికిన కంపు రాయగడ దాకా కొట్టేది. అక్కణ్ణుంచి లారీల కొద్దీ కాగితం దేశం మీదికి పోతుంటే, మా నాన్న చెల్లిపోయిన పార్సిల్ రసీదుల వెనకవైపు రాసుకునేవాడు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తరవాత చదివిందంతా ఆ రసీదుల మీద ఆయన రాసి కొట్టేసిన వాక్యాలే. ఏ మాట ఎందుకు కొట్టేశాడా అని ఆలోచిస్తూ తెలుగు నేర్చుకున్నాను... అంతకన్నా మంచి పంతులు నాకు బళ్ళో కూడా దొరకలేదు.

సరే, నాటకం. రెండు నెలలు రాశాడు. యేసు పుట్టాడని విని హేరోదు రాజు భయపడే సీను ఒక్కటే పదిసార్లు తిరగరాశాడు. ఎనిమిది పాత్రలకి ఎనిమిది కాపీలు అమ్మా నేనూ కూర్చుని ఎత్తి రాశాం. "ఎంతిస్తారో ముందే అడగండి" అని అమ్మ రోజూ పోరు. "అడిగితే ఏటనుకుంటారే? ఆళ్ళే సూసుకుంటామన్నారు" అని నాన్న. ధర అడగడం అమర్యాద అనుకునే మనిషి... అలాంటివాళ్ళకోసమే కాచుకుని కూర్చుంటుంది లోకం.

నాటకం బ్రహ్మాండంగా పండింది. జనం ఏడ్చారు.

మర్నాడు అమ్మ డ్యూటీ దిగి, నన్ను వెంటబెట్టుకుని, నాన్న అప్పటికే వెళ్ళి ఉన్న ఆ వరండా దగ్గరికి వచ్చింది. కోశాధికారి దానియేలు గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మైకు సెట్టు అతనికిచ్చారు. హార్మోనియం ఆయనకిచ్చారు. వంటవాళ్ళకి, బెంచీలు మోసినవాళ్ళకి ఇచ్చారు. పార్వతీపురం నుంచి విగ్గులూ గెడ్డాలూ తెచ్చిన సింహాచలానికి అప్పటికే ముట్టింది. ఆఖర్న దానియేలు గారు లేచి, మా నాన్న భుజాన శాలువా కప్పి దణ్ణం పెట్టారు. కుర్చీ లోపల పెట్టించేశారు.

నాన్న అక్కడే నిలబడ్డాడు... ఇంకేదో ఉందేమోనని. ఆ నిలబడడం చూసిన కోపం నాకీనాటికీ చల్లారలేదు.

అమ్మ మెట్లెక్కింది. "ఏటన్నయ్యా, మా ఆయనకేటీ లేదా?"

"సాలువా కప్పేం కదమ్మా! దేవుడి పనికి కూలేటి?"

"మరి మైకోడు సేసింది సైతాను పనా? ఈయన రాయకపోతే మీ మైకు ఏటి మాటాడేది? దగ్గేదా?"

బెంచీలవాళ్ళు పగలబడి నవ్వారు. దానియేలు గారు నవ్వలేదు. "కలం పట్టినోలు డబ్బులడిగితే బాగుంటాదేటమ్మా?" అన్నారు.

నాన్న "ఊరుకో" అన్నాడు... అమ్మతో. దానియేలు గారితో అనాల్సిన మాట అమ్మతో అన్నాడు.

ట్రంకుపెట్టె మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్న సింహాచలం నన్ను పిలిచాడు. "అమ్మీ, మీ అయ్యకి సెప్పు. నాను హేరోదుకి సగం గెడ్డం అంటించి, అప్పుడడుగుతాను డబ్బులు. సగం గెడ్డంతో ఎవుడు టేజీ ఎక్కుతాడు? మీ అయ్య ఆకరి సీను జేబులో ఎట్టుకోవలసింది."

నాన్న విన్నాడు. "అలగ సేస్తే నాటకం పాడైపోదా?" అన్నాడు, నిజంగానే కంగారుపడి.

అదీ సంగతి! రాసినవాడు తన రాతని తానే పాడుచేసుకోలేడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు... తెలిసే ఎగ్గొడతారు.

గడువు ఇంకా మూడు నెలలుంది. "ఉండండి, ఇప్పుడే ఏటైపోయింది" అని అమ్మే బతిమాలింది. సోమవారం పొద్దున్న నాన్న స్టేషన్‌కి వెళ్ళి డ్యూటీలో చేరిపోయాడు. ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆయన రాసింది బస్తాల మీద ఊళ్ళ పేర్లు... కొరాపుట్, బొబ్బిలి, విజయనగరం.

ఇప్పుడు నేనూ రాస్తున్నాను. మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. "మీ పుస్తకం పీడీఎఫ్ పంపండమ్మా, ఊరికే చదువుకుంటాను" అన్నాడు. ఏం చేస్తుంటావు బాబూ అంటే ట్యూషన్లు చెబుతాడట. "మా మనవరాలిని పంపిస్తాను, ఊరికే చెప్పు" అన్నాను. పాపం, సిగ్నల్ పోయింది.

కాలం మారిందంటారు. మారకేం... ఆ రోజుల్లో రాసినవాణ్ణి వరండా దాకా అయినా పిలిచేవారు. ఇప్పుడు చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఫోన్లో పంపేసి ఊరుకుంటున్నారు.

మీ ఊళ్ళోనూ పండగ నాటకాలు ఆడే ఉంటారు. రాజు వేసినాయన, ఆడవేషం కట్టినాయన మీకింకా గుర్తుండే ఉంటారు. రాసినాయనకి ఎంతిచ్చారని నేనడగను... ఆయన పేరైనా గుర్తుంటే, కింద రాయండి.