చదవకుండా పెట్టిన సంతకాలు

టాల్కె యాన్సెన్‌కు కరెంటు పని నేర్చుకోవాలన్న ఆలోచన ఇరవై ఆరో ఏట వచ్చింది. అంతకుముందు తొమ్మిదేళ్లు చేపల ఫ్యాక్టరీలో నిలబడి హెరింగ్ ముళ్లు తీసింది. ఫ్యాక్టరీ మూతపడిన రోజు అందరూ ఏడుస్తూనో తిడుతూనో ఉంటే, మిషన్ల కరెంటు తీసేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక్కడే తొణక్కుండా తన పని చేసుకుని వెళ్లిపోయాడు. ఆ పని చేతిలో ఉంటే తననెవరూ రోడ్డున పడేయలేరని టాల్కెకు అనిపించింది.

జర్మనీలోని మా లేర్ పట్టణంలో ఒన్నో బ్రున్స్ అనే కరెంటు మేస్త్రీ దగ్గర చేరింది. మూడున్నరేళ్ల ఒప్పందం. వారంలో ఒకరోజు బడి, నాలుగు రోజులు పని, నెల తిరిగేసరికి జీతం. నేర్చుకునేవాళ్ల జీతం మా దగ్గర చిన్నదే. మిగతాది విద్య రూపంలో ముట్టాలని దాని అర్థం. బ్రున్స్‌కు జీతం ఇచ్చిన సంగతి మాత్రమే గుర్తుండేది. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

టాల్కె రోజూ వ్యాను తుడిచింది, పంది కైమా రాసిన రొట్టెలు తెచ్చింది, టీ కాచింది, వైర్ల పైపుల కోసం గోడలకు గాడులు కొట్టింది. పైపుల్లో వైర్లు లాగే వేళకు ఆమెను ఇంకో ఇంటికి, ఇంకో గోడ కొట్టడానికి పంపేసేవాడు.

"మేస్త్రీ గారూ, ఇవాళైనా నన్ను కరెంటు బోర్డు దగ్గరికి రానివ్వండి."

"నీకెందుకే అంత తొందర? ముందు గోడ కొట్టడం నేర్చుకో."

"రెండేళ్లుగా కొడుతూనే ఉన్నా కదండీ."

"అయితే చెయ్యి బాగా తిరిగుంటుంది. కొట్టు. జీతం ఇస్తున్నానా, లేదా?"

బడిలో కరెంటు బోర్డుల బొమ్మలు ఆమె అంత చక్కగా ఎవరూ గీసేవారు కాదు. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కానీ నిజం బోర్డు మూత విప్పి ఒక్క స్క్రూ బిగించిన పాపాన పోలేదు. పరీక్షలో బోర్డు కట్టి చూపించాలి. అది రాకపోతే మళ్లీ ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో నిలబడాల్సిందే. ఆ భయం ఆమెను తినేసేది.

పని నేర్చుకునే ప్రతివాళ్లకూ ఒక పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏం చేశారో అందులో రాయాలి, మేస్త్రీ వారం వారం చదివి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. అందరూ అందులో నోటికొచ్చిన గొప్పలు రాసుకుంటారు, మేస్త్రీలు కళ్లు మూసుకుని సంతకాలు పెడతారు. టాల్కె మాత్రం చేసింది చేసినట్టు రాసింది. ఒకరోజు ఆ పేజీలు తిరగేసిన హైకో అదిరిపోయాడు. అతను బ్రున్స్ దగ్గరే నేర్చుకుని అక్కడే ఉండిపోయిన పనివాడు.

"ఏంటిది? 'మేస్త్రీ గారి పెరట్లో గడ్డి కోశాను' అనా! ఇలా ఎవరైనా రాస్తారా?"

"కోశాను కాబట్టి రాశాను. నువ్వేం రాసేవాడివి?"

"మోటారు కనెక్షన్ ఇచ్చాను అని."

"నిజంగా ఏం చేసేవాడివి?"

హైకో బుర్ర గోక్కున్నాడు. "ఆయన కుక్కని తిప్పేవాణ్ణి."

శుక్రవారం సాయంత్రం టీ తాగుతూ బ్రున్స్ సంతకం పెట్టేవాడు. కలకండ మీద టీ పోయించుకుని, పైన మీగడ వేయించుకుని, మూడో కప్పు అయ్యాక ఇక చాలని గుర్తుగా చెంచా కప్పులో పెట్టేలోపు గీకి పారేసేవాడు. మూడున్నరేళ్లలో ఒక్క వాక్యం చదివితే ఒట్టు.

ఒప్పందం ముగింపుకొచ్చి, పరీక్ష దరఖాస్తు పంపే వేళ వచ్చాక గానీ ఆయన ఆ పుస్తకం తెరవలేదు. తెరిచి, రెండు పేజీలు చదివి, ఎర్రగా కందిపోయాడు.

"నా పరువు తీద్దామనుకున్నావా? ఇది చింపి పొయ్యిలో పడేయ్. సోమవారంకల్లా కొత్తది రాసుకురా. బోర్డులు కట్టానని రాయి, మోటార్లు బిగించానని రాయి. అన్నిటికీ ఒక్కసారే సంతకం పెడతా."

"కట్టని బోర్డు కట్టానని ఎలా రాయనండీ?"

"అయితే పరీక్ష సంగతి మర్చిపో."

మూడున్నరేళ్లు వెట్టిచాకిరీ చేయించుకుని, ఆఖర్న అబద్ధం కూడా ఆమె చేతే రాయించాలని చూశాడు. ఎంత గుండెలు తీసిన మనిషో చూడండి! టాల్కెకు ఏడుపొచ్చింది. ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే చేతిపనులవాళ్ల మండలి ఆఫీసు మెట్లెక్కింది.

అక్కడ శిక్షణ వ్యవహారాలు చూసే హబ్బెన అనే పెద్దావిడ పుస్తకం అంతా చదివింది. వెంటనే బ్రున్స్‌కు ఫోను చేసి పిలిపించింది.

"ఈ సంతకాలు మీవేనా?"

"నావే."

"చదివే పెట్టారా?"

బ్రున్స్ చదివానంటే మూడున్నరేళ్లుగా నేర్పలేదని ఒప్పుకున్నట్టు. చదవలేదంటే మేస్త్రీగా ఉండి కళ్లు మూసుకున్నట్టు. ఎటు తిరిగినా తన తప్పు ఆయన చేత్తో ఆయనే రాసిచ్చేశాడు.

"ఈ అమ్మాయి ఇలాగే పరీక్షకు వెళ్తే తప్పుతుంది" అంది హబ్బెన. "ఒప్పందం ఆరు నెలలు పొడిగిద్దాం. నీకిష్టమైతే వేరే మేస్త్రీని చూస్తానమ్మా."

టాల్కెకు కడుపు మండిపోయింది. "తప్పు ఆయనది, ఆరు నెలలు పోయేది నావా? నేనెక్కడికీ వెళ్లనండీ. ఈయనే నేర్పాలి. నా పక్కన నిలబడి నేర్పాలి."

"నేర్పకపోతే ఇకమీదట ఎవర్నీ పనిలో పెట్టుకుని నేర్పే హక్కు ఈయనకుండదు" అంది హబ్బెన, బ్రున్స్ వైపే చూస్తూ.

సోమవారం ఏడింటికి బ్రున్స్ మొదటిసారి ఆమె చేతికి టెస్టర్ ఇచ్చాడు. ఎంత సణుక్కున్నా నేర్పాడు. ఒప్పుకోవాలి, పనిమంతుడే. వైరు ఎంత పొడవు వదలాలి, స్క్రూ ఎంత బిగించాలి, మెయిన్ ఆపాక కూడా ఎందుకు పరీక్షించి చూడాలి, అన్నీ చేసి చూపించాడు. టీ హైకో కాచాడు. టాల్కె రోజూ రాసింది. బ్రున్స్ కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివి సంతకం చేశాడు.

వేసవిలో పరీక్ష జరిగింది. టాల్కె కట్టిన బోర్డు తప్పు లేకుండా పనిచేసింది. పట్టా తీసుకుని బయటికొచ్చేసరికి బ్రున్స్ పది మంది మేస్త్రీల మధ్య నిలబడి, ఆమె భుజం తట్టి గొప్పలు మొదలుపెట్టాడు.

"చూశారా? పిల్లను ఆరంటే ఆరు నెలల్లో ఎలా తయారుచేశానో!"

టాల్కె ఆయన చెయ్యి భుజం మీద నుంచి తీసేసింది.

"ఆరు నెలల్లో అయ్యే పనేనన్నమాట. మరి ముందు మూడున్నరేళ్లూ ఎందుకు నేర్పలేదో అదీ చెప్పండి మేస్త్రీ గారూ, అందరూ ఉన్నారుగా."